మౌస్‌కు ఒక దారి, పెన్‌కు మరో దారి: డిజిటల్ ఇంక్ బ్రష్ వాడడం ఎలా

బాపు బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళకు ఇంకు గీత అందం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సన్నగా మొదలవుతుంది, వంపు దగ్గర కాస్త ఒళ్ళు చేస్తుంది, మళ్ళీ సన్నబడి ఆగిపోతుంది. కంప్యూటర్‌లో ఇంక్ బ్రష్ తీసుకుని మొదటిసారి గీస్తే మాత్రం ఇలా రాదు. మొదలు నుంచి చివరి దాకా ఒకే మందం, మధ్యమధ్యలో వణుకు. అప్పుడు చాలామంది చేసే పని ఇంకో బ్రష్ ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోవడం. బ్రష్‌లు వందల్లో పోగవుతాయి, గీత మాత్రం మారదు.

ఇంక్ బ్రష్‌కు ఎక్కడ లావు కావాలో చెప్పేది ప్రెజర్, అంటే మీరు ఎంత గట్టిగా నొక్కుతున్నారన్నది. పెన్ టాబ్లెట్, అంటే కంప్యూటర్‌కు తగిలించి పెన్‌తో గీసే పలక, ఆ సంగతి కంప్యూటర్‌కు పంపుతుంది. మౌస్‌కు బటన్ నొక్కారా లేదా అన్నదొక్కటే తెలుసు. అందుకే టాబ్లెట్ ఉన్నవాళ్ళ వీడియో చూసి మౌస్‌తో అలాగే గీయబోతే పని జరగదు. పెన్‌తో అయితే గీతను ఒక్క ఊపులో లాగాలి. మౌస్‌తో అయితే గీతను ముందు వేసుకుని, తర్వాత దానికి మందం కట్టుకోవాలి. రెండూ వేర్వేరు పనులు. కింద రెండిటినీ విడివిడిగానే చెబుతాను.

ఉదాహరణకు ఒక కోడిపుంజు బొమ్మ తీసుకుందాం. తోక ఈకలకు పొడవాటి గీతలు కావాలి, ముక్కుకు పదునైనవి, కాళ్ళ మీద పొలుసులకు చిన్నచిన్నవి. ఇంకుతో వేసే గీతల్లో సగం రకాలు ఒక్క పుంజులోనే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టక్కర్లేదు. క్రిటా, ఇంక్‌స్కేప్ అని బొమ్మలు గీసే ప్రోగ్రాంలు ఉన్నాయి, రెండూ ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తాయి. టాబ్లెట్ ఉంటే క్రిటా ఒక్కటే చాలు. మౌస్ మాత్రమే ఉంటే రెండూ పెట్టుకోండి.

కాన్వాస్, పెన్సిల్ బొమ్మ

క్రిటాలో కొత్త ఫైల్ తెరిచి ఎ4 సైజు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెల్స్, అంటే చుక్కలు) ఎంచుకోండి. కాన్వాస్ 2480 × 3508 పిక్సెల్స్ వస్తుంది. ఇక్కడ 12 పిక్సెల్స్ అంటే కాగితం మీద దాదాపు ఒక మిల్లీమీటరు. ఇది గుర్తుంటే బ్రష్ సైజు దగ్గర తడుముకోనక్కర్లేదు. పుంజు ఒంటి బయటి గీతకు 12, లోపలి ఈకలకు 6, పొలుసులకు 3 లేదా 4. బొమ్మ ఫోన్‌లో చూడటానికే అయితే 3 కన్నా తగ్గించకండి. 2480 వెడల్పు బొమ్మను 1080కి కుదిస్తే 3 పిక్సెల్స్ గీత ఒకటింపావు పిక్సెల్‌కు పడిపోతుంది, నలుపు కాస్తా బూడిద రంగులా కనిపిస్తుంది. అచ్చుకు ఇచ్చే నలుపు తెలుపు బొమ్మకు 600 రిజల్యూషన్ మంచిది, మీ కంప్యూటర్ తట్టుకుంటే. అప్పుడు పై అంకెలన్నీ రెట్టింపు చేసుకోవాలి.

పెన్సిల్ బొమ్మ తెర మీదే వేయాలని లేదు. తెల్ల కాగితం మీద వేసి, పగటి వెలుతురులో నీడ పడకుండా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొర. లేయర్ మెనూలో ఇంపోర్ట్ లేయర్ ద్వారా ఆ ఫోటోను తెచ్చి, కంట్రోల్ ఎల్ నొక్కి లెవెల్స్‌లో కాగితం తెల్లబడేదాకా సర్దండి. ఆ లేయర్ ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలన్నది) 25 లేదా 30 శాతానికి తగ్గించి తాళం గుర్తు నొక్కేయండి. దాని మీద కొత్త పెయింట్ లేయర్ వేసి "ఇంకు" అని పేరు పెట్టండి. తాళం వేయడం మరిచిపోతే ఎప్పుడో ఒకసారి పెన్సిల్ లేయర్ మీదే ఇంకు వేసేస్తారు. సగం బొమ్మ అయ్యాక గానీ అది తెలియదు, అప్పటికి రెండిటినీ విడదీయడం పెద్ద తలనొప్పి.

ఇక బ్రష్. ప్రీసెట్స్ (ముందే సర్ది పెట్టిన బ్రష్‌లు) పెట్టెలో ఇంక్ అని వెతికితే ప్రిసిషన్, ఫైన్‌లైనర్, జీ పెన్, పెన్ రఫ్, బ్రష్ రఫ్, సుమి ఇ లాంటివి కనిపిస్తాయి. ఫైన్‌లైనర్‌లో మందం పెద్దగా మారదు, ఇళ్ళూ వస్తువులూ గీయడానికి బాగుంటుంది. జీ పెన్ జపాన్ కామిక్స్ గీసేవాళ్ళు వాడే పాళీని అనుసరించి చేసింది, నొక్కుడుకు బాగా స్పందిస్తుంది. సుమి ఇ చూడగానే ముచ్చటేస్తుంది గానీ దానితో మొదలుపెట్టకండి. నా మాట వింటే మొదటి పుంజు మొత్తం జీ పెన్‌తోనే ముగించండి. బ్రష్ మారుస్తూ పోతే తప్పు చేతిదో బ్రష్‌దో ఎప్పటికీ తేలదు.

పెన్ టాబ్లెట్ ఉన్నవాళ్ళకు

ముందు డ్రైవర్, అంటే టాబ్లెట్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసే ప్రోగ్రాం. ఇంతకుముందు వేరే కంపెనీ టాబ్లెట్ వాడి ఉంటే దాని డ్రైవర్ పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేశాకే కొత్తది ఎక్కించండి. రెండు డ్రైవర్లు ఒకే కంప్యూటర్‌లో ఉంటే ప్రెజర్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. టాబ్లెట్ తగిలించాకే క్రిటా తెరవడం అలవాటు చేసుకోండి.

పెన్ కదులుతోంది గానీ మందం మారడం లేదంటే సెట్టింగ్స్ మెనూలో కాన్ఫిగర్ క్రిటా తెరిచి టాబ్లెట్ సెట్టింగ్స్‌కు వెళ్ళండి. విండోస్‌లో అక్కడ రెండు దారులు కనిపిస్తాయి: విన్‌టాబ్, విండోస్ ఇంక్. ఏది ఉందో చూసి రెండోదానికి మార్చి, క్రిటా మూసి మళ్ళీ తెరవండి. చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. గీత మొదలుపెట్టగానే పెన్ చుట్టూ చిన్న వలయం వచ్చి గీత ఆగిపోతుంటే, అది విండోస్‌లో నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే సదుపాయం. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్ తెరిచి దాన్ని ఆపేయండి.

తర్వాత ఒక చిన్న పరీక్ష. టాబ్లెట్ మీద ఒక చేతి గాజు పెట్టి దాని అంచు చుట్టూ పెన్‌తో గీయండి. తెర మీద గుండ్రంగా వచ్చిందా? కోడిగుడ్డు ఆకారంలో వస్తే టాబ్లెట్ కొలతలకూ తెర కొలతలకూ పొంతన కుదరలేదన్నమాట. డ్రైవర్ ప్రోగ్రాంలో నిష్పత్తి సమానంగా ఉంచే ఆప్షన్ ఉంటుంది, టిక్ పెట్టండి. టాబ్లెట్‌లో ఒక పక్క కాస్త జాగా వృథా అవుతుంది, పోనివ్వండి. ఇది సరిచేయకుండా నెలల తరబడి సాధన చేస్తే చెయ్యి తప్పు కొలతకే అలవాటు పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది ముట్టుకోనిది: ప్రెజర్ కర్వ్. అదే టాబ్లెట్ సెట్టింగ్స్ పేజీలో ఒక గళ్ళ పెట్టె, అందులో ఏటవాలు గీత ఉంటుంది. అడ్డంగా ఉన్నది మీరు నిజంగా నొక్కే నొక్కుడు, నిలువుగా ఉన్నది క్రిటా దాన్ని ఎంతగా లెక్కేస్తుందన్నది. బాల్ పెన్‌తో రాస్తే అక్షరాలు వెనక పేజీలో అచ్చుపడే చేతివాళ్ళు గీత మధ్య భాగాన్ని పట్టుకుని కిందికి వంచండి. అప్పుడు గట్టిగా నొక్కినా గీత వెంటనే లావెక్కదు. తేలిక చేతివాళ్ళు పైకి వంచాలి, లేకపోతే నలుపు నిండుగా రావడానికి మణికట్టు నొప్పి పుట్టేదాకా నొక్కాల్సి వస్తుంది. పక్కనే టెస్టర్ ఉంటుంది. అందులో గీసి చూస్తూ, మామూలుగా నొక్కితే సగం మందం, గట్టిగా నొక్కితే పూర్తి మందం వచ్చేలా సర్దుకోండి. టాబ్లెట్ అట్టపెట్టె మీద ప్రెజర్ లెవెల్స్ 4096 ఉన్నాయా 8192 ఉన్నాయా అని కొనేముందు అందరూ చూస్తారు. ఇంకు పనిలో ఆ తేడా కంటికి కనిపించదు. ఈ కర్వ్ తేడా కనిపిస్తుంది.

టాబ్లెట్ సైజు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న టాబ్లెట్‌లో గీసే జాగా సుమారు 6 అంగుళాల వెడల్పు. 15.6 అంగుళాల లాప్‌టాప్ తెర వెడల్పు పదమూడున్నర అంగుళాల పైచిలుకు. అంటే చెయ్యి ఒక అంగుళం కదిలితే తెర మీద రెండంగుళాలు దాటుతుంది. మీ వణుకూ రెండింతలై కనిపిస్తుంది. చిన్న టాబ్లెట్‌తో గీయలేమని కాదు. గీయాల్సిన భాగం తెర నిండేలా జూమ్ చేసుకుని గీయాలి, అంతే.

వణుకు తగ్గించడానికి క్రిటాలో స్మూతింగ్ ఉంది. బ్రష్ చేతిలో ఉన్నప్పుడు టూల్ ఆప్షన్స్‌లో బేసిక్, వెయిటెడ్, స్టెబిలైజర్ అని కనిపిస్తాయి. టాబ్లెట్‌కు వెయిటెడ్ పెట్టి, డిస్టెన్స్ తక్కువలోనే ఉంచండి. స్టెబిలైజర్ పెడితే గీత పెన్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. పొడవాటి తోక ఈకకు అది వరమే, ముక్కు కొసకూ కంటికీ శాపం. పదునుగా తిరగాల్సిన మూలలన్నీ గుండ్రంగా అరిగిపోతాయి.

చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట ఉండడం మొదట్లో అందరికీ ఇబ్బందే. దీనికి మనకు ఒక సులువైన సాధన ఉంది: తెలుగు అక్షరాలు రాయడం. అ, ఆ, ఉ, ఊ, ఠ, య, ఈ వంపులన్నీ చేతికి చిన్నప్పటి నుంచీ తెలుసు. టాబ్లెట్ మీద పెద్దపెద్దగా ఒక పేజీ రాయండి, చేతి వైపు చూడకుండా. వంపు కిందికి దిగేటప్పుడు నొక్కండి, పైకి ఎక్కేటప్పుడు వదలండి. లావు సన్నాల లయ పట్టుబడేది ఇక్కడే.

ఇక పుంజు దగ్గరకు వద్దాం. తోకతో మొదలుపెట్టండి. ఈక మొదలు దగ్గర పెన్ ఆనించేముందే చెయ్యి గాల్లో ఆ దారి వెంట ఒకసారి వెళ్ళి రావాలి. కదులుతూనే దిగాలి, కదులుతూనే లేవాలి. అప్పుడే కొసలు సన్నగా వస్తాయి. మణికట్టు తిప్పితే చిన్న వంపులే వస్తాయి. పొడవాటి ఈకకు మోచేతి నుంచి కదలండి. కన్ను పెన్ కొస మీద కాదు, గీత ఎక్కడ ఆగాలో అక్కడ ఉండాలి. ముగ్గు వేసేవాళ్ళు పిండి జారే వేళ్ళను చూడరు, తర్వాతి చుక్కను చూస్తారు. ఇదీ అంతే.

ప్రతి చేతికీ ఒక దిక్కు సులువు. కుడిచేతివాళ్ళలో చాలామందికి ఎడమ కింద నుంచి కుడి పైకి వెళ్ళే వంపు హాయిగా వస్తుంది. మిగతా దిక్కుల గీతలకు చేతిని వంచకండి, కాన్వాస్‌నే తిప్పండి. క్రిటాలో 4, 6 అంకెల కీలు కాన్వాస్‌ను అటూ ఇటూ తిప్పుతాయి, 5 నొక్కితే మళ్ళీ నిటారుగా వస్తుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ కీబోర్డు మీదే ఉండాలి: స్క్వేర్ బ్రాకెట్ కీలు సైజుకు, ఇ కీ చెరపడానికి, కంట్రోల్ జెడ్ వెనక్కి రావడానికి.

ఆ కంట్రోల్ జెడ్ గురించి ఒక మాట. కాగితం మీద లేని సుఖం ఇది, వాడుకోవాల్సిందే. కానీ ఒకే ఈకను పదేపదే గీసి చెరుపుతుంటే ప్రతిసారీ చెయ్యి ఇంకాస్త బిగుసుకుంటుంది. మూడు నాలుగు సార్లకు రాకపోతే ఉన్నంతలో బాగున్న గీత ఉంచి, పక్క ఈకకు వెళ్ళిపోండి.

మౌస్ మాత్రమే ఉంటే

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో పాయింటర్ ఆప్షన్స్ కింద ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని ఒక టిక్ ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. మౌస్‌ను వేగంగా కదిపితే పాయింటర్‌ను ఎక్కువ దూరం, నెమ్మదిగా కదిపితే తక్కువ దూరం తీసుకెళ్ళడమే దాని పని. ఆఫీసు పనికి బాగుంటుంది. గీతకు మాత్రం చెయ్యి ఒకే దూరం కదిలినా ప్రతిసారీ ఒక్కో పొడవు వస్తుంది. ఆ టిక్ తీసేసి పాయింటర్ వేగం కాస్త తగ్గించండి. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం ప్రయత్నించకండి. అయిదొందల లోపు మామూలు మౌస్ కూడా దానికన్నా ఎన్నో రెట్లు నయం.

క్రిటాలో మౌస్‌కు స్టెబిలైజరే సరి. డిస్టెన్స్ పెంచుకుని నెమ్మదిగా లాగండి. గీత నునుపుగానే వస్తుంది, కానీ మందం ఒకటే. ఆ మందం తెచ్చుకోవడానికి నాకు నచ్చిన పద్ధతి చెక్కడం. ఈకకు కావలసిన దానికన్నా లావుగా, 20 పిక్సెల్స్ బ్రష్‌తో ఒక గీత గీయండి. ఇ కీ నొక్కండి, అదే బ్రష్ ఇప్పుడు చెరిపే బ్రష్ అవుతుంది. గీత రెండు చివర్లా ఒక పక్క నుంచి వంపుగా చెరుపుతూ రండి. మధ్యలో లావు మిగిలి, కొసలు సూదిలా తేలతాయి. ఇందులో చెయ్యి వణికినా ఫర్వాలేదు. వణికిన అంచును మళ్ళీ చెక్కితే సరి. తీరుబడిగా చేసే పని ఇది, ఒక పుంజుకు ఒక సాయంత్రం పడుతుంది. కానీ చూసేవాళ్ళెవరూ మౌస్‌తో వేశారని కనిపెట్టలేరు.

ఇంత ఓపిక లేకపోతే వేగాన్ని వాడుకోవచ్చు. ఎఫ్ 5 నొక్కితే బ్రష్ ఎడిటర్ తెరుచుకుంటుంది. సైజ్ దగ్గర ప్రెజర్ టిక్ తీసి స్పీడ్ పెట్టండి. మౌస్ వేగాన్ని బట్టి మందం మారుతుంది. మీకు కావలసిన దానికి తలకిందులుగా మారుతుంటే అక్కడి కర్వ్‌ను అటుదిటు తిప్పేయండి. గడ్డి, మెడ మీది చిన్న ఈకలు, నీడ కోసం వేసే వరస గీతలు, ఇలాంటివాటికి ఇది చక్కగా పనికొస్తుంది. మొహానికి వద్దు, అదుపు ఉండదు.

అసలైన మేలు మాత్రం ఇంక్‌స్కేప్‌లో ఉంది. అందులో గీత పిక్సెల్స్‌తో కాదు, బిందువులతో తయారవుతుంది కాబట్టి గీశాక కూడా దాన్ని వంచొచ్చు. తోక ఈక ఇలా వేయండి:

1. పెన్సిల్ బొమ్మ ఫోటోను ఇంపోర్ట్ చేసి, ఒక లేయర్‌లో ఉంచి తాళం వేయండి. దానిపైన కొత్త లేయర్.
2. బిందువులు పెట్టి వంపు గీతలు వేసే బెజియర్ పెన్ టూల్ తీసుకోండి. పైన షేప్ అన్నచోట ఎలిప్స్ ఎంచుకోండి.
3. ఈక మొదట్లో ఒక క్లిక్. మధ్య వంపు దగ్గర నొక్కి పట్టి, వంపు దిక్కుకు కొద్దిగా లాగి వదలండి. కొస దగ్గర క్లిక్ చేసి ఎంటర్ కొట్టండి. సన్నంగా మొదలై, మధ్యలో లావై, సన్నంగా ముగిసే గీత సిద్ధం.
4. మందం నచ్చకపోతే పాత్ ఎఫెక్ట్స్ పెట్టెలో విడ్త్ మార్చండి. వంపు నచ్చకపోతే నోడ్ టూల్‌తో బిందువును జరపండి.

ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా కావాలంటే ఎలిప్స్ బదులు ట్రయాంగిల్ ఇన్ లేదా ట్రయాంగిల్ అవుట్ పెట్టండి. ముక్కుకూ గోళ్ళకూ అవే.

చేత్తో గీసిన ఉత్సాహం కావాలంటే కాలిగ్రఫీ టూల్ ఉంది. డిప్ పెన్, మార్కర్, బ్రష్ అని రెడీగా ఉన్నవాటిలో బ్రష్ ఎంచుకోండి. థిన్నింగ్ విలువ పెంచితే వేగంగా లాగిన చోట గీత సన్నబడుతుంది. మాస్ పెంచితే వణుకు తగ్గుతుంది. మౌస్‌వాళ్ళకు ఇక్కడ ఒక కిటుకు ఉంది. కుడి చేత్తో గీస్తూనే ఎడమ చేత్తో కీబోర్డు మీద ఎడమ, కుడి బాణం కీలు నొక్కితే గీత మందం అక్కడికక్కడే మారుతుంది. మౌస్‌కు లేని ప్రెజర్‌ను ఎడమ చెయ్యి ఇస్తుందన్నమాట. మొదట్లో రెండు చేతులూ పోట్లాడుకుంటాయి, తర్వాత కుదురుకుంటాయి.

ఇంక్‌స్కేప్‌తో ఇంకో లాభం, బొమ్మను ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. సంక్రాంతి ఫ్లెక్సీ మీదికో టీషర్టు మీదికో వెళ్ళే పుంజైతే టాబ్లెట్ ఉన్నవాళ్ళు కూడా దీన్నే వాడితే మంచిది.

రెండు దారులూ కలిసేచోట

గీతలన్నీ ఒకే లావుంటే బొమ్మ కాగితానికి అంటుకుపోయినట్టు ఉంటుంది. వెలుతురు ఎటునుంచి వస్తోందో ముందే అనుకోండి. ఎడమ పై నుంచి వస్తే పుంజు వీపు గీత సన్నగా, పొట్ట కింద గీత లావుగా ఉండాలి. రెక్క ఒంటి మీద ఆనేచోట, తొడ మీద ఈకలు పడేచోట, అంటే రెండు గీతలు కలిసేచోట కాస్త నలుపు చిక్కపడనివ్వండి. కాళ్ళ మీద పొలుసులన్నీ గీయకండి. నీడ వైపు గీసి వెలుతురు వైపు వదిలేస్తే, మిగిలినవి చూసేవాళ్ళ కన్నే పూరిస్తుంది.

కొడవలిలా వంగిన పెద్ద తోక ఈకలు రెండు మూడింటిని పూర్తిగా నలుపుతో నింపండి, లోపల ఒక సన్నటి తెల్ల గీత వదిలి. గీతలు ఎన్ని వేసినా రాని నిండుతనం ఈ నలుపు ముద్దలతో వస్తుంది. కొత్తవాళ్ళు నలుపు నింపడానికి భయపడతారు. ఇంకు బొమ్మ నీరసంగా కనిపించడానికి చాలాసార్లు ఆ భయమే కారణం.

కాన్ఫిగర్ క్రిటాలో జనరల్ కింద ట్యాబ్స్ బదులు సబ్‌విండోస్ ఎంచుకుని, విండో మెనూలో న్యూ వ్యూ నొక్కితే క్రిటాలో అదే బొమ్మ ఇంకో కిటికీలో తెరుచుకుంటుంది. ఒకదాంట్లో దగ్గరగా గీస్తూ, రెండోదాంట్లో మొత్తం బొమ్మ చిన్నగా కనపడేలా ఉంచుకోండి. నాలుగు రెట్లు జూమ్ చేసి అరగంట చెక్కిన గోరు, చిన్న కిటికీలో కనపడనే కనపడదు. ఎమ్ కీ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ముక్కు వంకర, కాళ్ళ పొడుగు పొట్టి తేడా అప్పుడు ఠక్కున పట్టుబడతాయి.

టాబ్లెట్ పెన్ కొస అరిగేది. టాబ్లెట్ మీద కాగితం పరిచి గీస్తే పట్టు బాగుంటుంది గానీ కొస ఇంకా త్వరగా అరుగుతుంది. కొస ఒక పక్కకు పదునుగా తేలిందంటే మార్చేయండి, లేకపోతే టాబ్లెట్ మీద గీతలు పడతాయి. విడి కొసలు చాలా టాబ్లెట్‌లతో పాటే వస్తాయి.

రంగులు వేయాలంటే ఇంకు లేయర్ కింద ఇంకో లేయర్ వేయండి. ఫిల్ టూల్ తీసుకుని, అన్ని లేయర్ల గీతలూ చూసేలా పెట్టి, గ్రో విలువ 2 లేదా 3 ఇవ్వండి. రంగు గీత కిందికి కొద్దిగా చొచ్చుకుపోతుంది, అంచుల్లో తెల్లటి సన్న చార మిగలదు. పుంజు తల మీది జుట్టుకు ఎరుపు పోసేటప్పుడు రంగు బొమ్మంతా పాకిపోతే ఎక్కడో గీత కలవలేదన్నమాట. వెనక్కి వచ్చి ఆ సందు మూయండి.

చివరగా పెన్సిల్ లేయర్ కన్ను గుర్తు ఆపేసి, క్రిటా ఫైల్‌గా ఒక కాపీ దాచుకోండి. పంచుకోవడానికి పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్‌లో నల్ల గీతల చుట్టూ మసక మచ్చలు చేరతాయి, ఇంకు బొమ్మలో అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, మీరు సూదిలా చెక్కిన కొసలే ముందుగా పోతాయి.